హిప్పోగ్రిఫ్ అంటే ఏంటి? గ్రిఫిన్ కంటే స్లో.. అయినా ఎందుకు ఎంచుకోవాలి?

'డంజన్స్ అండ్ డ్రాగన్స్' గేమ్‌లో ఎగిరే జంతువుపై సవారీ అంటే చాలామంది చూపు గ్రిఫిన్ మీదే. సగం గద్ద, సగం సింహం. ఐదో ఎడిషన్‌లో అది రౌండ్‌కి 80 అడుగులు ఎగురుతుంది, హిట్ పాయింట్లు 59. హిప్పోగ్రిఫ్‌కి 60 అడుగులు, 19 పాయింట్లే.

కానీ ఒక చిక్కుంది. గ్రిఫిన్‌కి గుర్రం మాంసమంటే పిచ్చి! అందుకే రోమన్ కవి వర్జిల్ ఈ రెండింటి జతను జరగని పనికి ఉదాహరణగా చెప్పాడు. 1516లో ఇటలీ కవి అరియోస్టో తన కావ్యంలో ఆ జతకే పిల్లను పుట్టించాడు. అదే ముందు గద్ద, వెనుక గుర్రంలా ఉండే హిప్పోగ్రిఫ్.

మీ టీమ్‌లో గుర్రాలున్నాయా? అయితే స్పీడ్ తగ్గినా హిప్పోగ్రిఫే బెటర్. గ్రిఫిన్‌ని తెచ్చుకుంటే మాత్రం గుర్రాలపై ఓ కన్నేసి ఉంచాల్సిందే.