హడ్సన్ నదిపై నడక వంతెన

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ నదికి తూర్పు గట్టున పొకీప్సీ, పడమటి గట్టున హైలాండ్ ఉన్నాయి. ఈ రెంటినీ కలిపే పాత రైలు వంతెన మీద ఇప్పుడు మనుషులు నడుస్తారు, సైకిళ్లు తొక్కుతారు. దాని పొడవు 6,768 అడుగులు, అంటే రెండు కిలోమీటర్ల పైమాటే. నీటిమట్టానికి 212 అడుగుల ఎత్తున ఉంటుంది.

వంతెనకు 1873లో పునాదిరాయి వేసినా డబ్బు చాలక పని ఆగిపోయింది. 1886లో మళ్లీ మొదలై, 1888 డిసెంబరు నెలాఖరుకు తొలి రైలు దాటింది. పెన్సిల్వేనియా బొగ్గు న్యూ ఇంగ్లండ్ కర్మాగారాలకు చేరడానికి ఇదే దగ్గరి దారి అయింది. 1974 మే 8న వంతెన మీద మంటలు లేచాయి. రైలు బ్రేకుల నుంచి ఎగిరిన నిప్పురవ్వలు చెక్క స్లీపర్లకు అంటుకొని ఉంటాయని భావిస్తారు. అప్పటికే దివాలా తీసిన రైల్వే సంస్థ మరమ్మతు చేయించలేదు. ఉక్కు కట్టడం మాత్రం అలాగే నిలిచి ఉంది.

దాన్ని కాపాడింది చుట్టుపక్కల జనం. 1992లో వాళ్లొక సంఘంగా ఏర్పడ్డారు. 1998లో వంతెన యాజమాన్యం ఆ సంఘం చేతికి వచ్చింది. తగినంత నిధులు కూడడానికి ఇంకో పదేళ్లు పట్టింది. పైభాగంలో కాంక్రీటు పలకలు పరిచి, ఇరువైపులా కమ్మీలు బిగించి, 2009 అక్టోబరు 3న జనానికి తెరిచారు. హెన్రీ హడ్సన్ ఈ నదిలోకి ఓడ నడిపి అప్పటికి సరిగ్గా 400 ఏళ్లు.

రైల్లోనో కారులోనో దాటితే నది ఒక్క నిమిషంలో వెనకబడిపోతుంది. ఇక్కడ మాత్రం నడిమధ్యలో ఎంతసేపైనా నిలబడవచ్చు. ఈ ప్రాంతం దాకా సముద్రపు పోటు వస్తుంది. పోటు వేళ నీరు ఉత్తరానికి ఎగదన్నుతుంది, ఆటు వేళ మళ్లీ సముద్రం వైపు మళ్లుతుంది. రెండు వైపులా పారే నది అన్న అర్థమిచ్చే పేరు స్థానిక మోహికన్లు దీనికి పెట్టారని చెబుతారు. కాస్త ఓపిక పడితే ఆ పేరు ఎందుకు వచ్చిందో పైనుంచే కళ్లారా చూడవచ్చు. దక్షిణాన 1930 నాటి మిడ్-హడ్సన్ వేలాడే వంతెన కనిపిస్తుంది. గట్ల వెంబడి పోయే రైళ్ల చప్పుడు కింది నుంచి వినిపిస్తుంది. అక్టోబరులో రెండు ఒడ్లూ ఎరుపు, పసుపు ఆకులతో నిండిపోతాయి. చూడాలంటే అదే మంచి కాలం.

బాట చదునుగా ఉంటుంది కనుక చక్రాల కుర్చీలో వచ్చేవారికీ ఇబ్బంది లేదు. 2014 నుంచి పొకీప్సీ ఒడ్డున లిఫ్టు కూడా ఉంది. ప్రవేశానికి రుసుము లేదు. నీడ మాత్రం దొరకదు, గాలి విసురుగా వీస్తుంది. టోపీ, మంచినీళ్లు వెంట ఉండాలి. న్యూయార్క్ నగరం నుంచి లోకల్ రైలెక్కితే సుమారు రెండు గంటల ప్రయాణం. స్టేషన్ నుంచి నడిచే వెళ్లవచ్చు.

రాజమహేంద్రవరంలోని హేవ్‌లాక్ వంతెన కథ కూడా ఇలాంటిదే. 1900లో ప్రారంభమైన ఆ వంతెన మీద 1997లో రైళ్లు ఆగిపోయాయి. దాన్ని నడక బాటగా మార్చాలన్న ఆలోచన చాలాసార్లు వినిపించింది. గోదావరి నడుమ దాదాపు మూడు కిలోమీటర్లు నడిచే ఆ భాగ్యం మన పిల్లలకు త్వరగా దక్కాలి.