పాతకాపుతో మరల ఒడంబడిక: అపోహలు – వాస్తవములు

ఐరోపాలో జూన్ మాసాంతము ఫుట్‌బాల్ క్లబ్బులకు లెక్కలు తేల్చుకొను కాలము. ఆటగాండ్ర ఒప్పందములలో అధికభాగము ఆ నెల 30వ తేదీతో ముగియును గావున, ముప్పదియైదేండ్ల వయస్సునకు చేరిన డిఫెండరును ఇంకొక యేడు నిలుపుకొందమా, సాగనంపుదమా అను మీమాంస ఆ దినములలో కార్యాలయపు గోడలు దాటి అభిమానుల నోళ్ళలో నానుట పరిపాటి. అట్లు నానుచు వచ్చిన అభిప్రాయములు కొన్ని సత్యమునకు దూరము. 2020లో థియాగో సిల్వాను పారిస్ సెయింట్ జెర్మేన్, 2021లో సెర్జియో రామోస్‌ను రియల్ మాడ్రిడ్ వదలుకొనిన వైనమును పరిశీలించినచో ఈ సంగతి విశదమగును.

అపోహ: కాలివేగము తగ్గిన డిఫెండరు పని ముగిసినట్లే.

వేగము తగ్గుట నిజమే. కాదనువాడు ఆట చూడనివాడు. అయితే సెంటర్ బ్యాక్ విద్యలో పరుగుకంటె ముందుది చూపు. బంతి ఎదుటివాని పాదమును వీడకమునుపే అది ఏ దారిని రానున్నదో గుర్తించి, రెండడుగులు ముందే జరిగి నిలుచువానికి ఇరువది గజములు వెంటబడి పరుగెత్తు అగత్యము తఱచుగా కలుగదు. 2007లో ఏథెన్సున మిలాన్ నాయకుడుగా ఛాంపియన్స్ లీగ్ కప్పు నెత్తునాటికి పాలో మాల్దీని వయస్సు 38 ఏండ్లు. ఐనను ఈ చూపునకును హద్దు కలదు. రక్షణపంక్తిని మైదానమధ్యమునకు జరిపి ఆడించు కోచ్ చేతిలో, వెనుక మిగిలిన ఖాళీస్థలపు భారమంతయు ఆ వయోధికుని కాళ్ళమీదనే పడును. పారిస్‌లో సిల్వాను ఆడించిన థామస్ తూహెల్, 2021 జనవరిలో, సిల్వా అప్పటికే చేరియున్న చెల్సీకి కోచ్‌గా వచ్చి అతనినే మరల చేతికందుకొని, వెనుకవరుసను మువ్వురితో నింపి, నడుమ అతనిని నిలిపెను. కావున ఏండ్లెన్ని యని అడుగుటకు ముందు, ఇతడు ఏ వరుసలో, ఎవరి సరసను నిలువనున్నాడని అడుగుట వివేకము.

అపోహ: ఇన్నేండ్లు సేవచేసినవానికి కోరినంత గడువిచ్చుట క్లబ్బు ధర్మము.

2014 మే 24న లిస్బన్‌లో జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫైనలులో, ఒక్క గోలు ఆధిక్యముతో కప్పు చేతికందినట్లే యని అట్లెటికో మాడ్రిడ్ భావించుచున్న వేళ, 93వ నిమిషమున కార్నర్ కిక్కును తలతో గోలులోనికి మళ్ళించి రియల్‌ను బ్రదికించినవాడు రామోస్. అట్టివానిని పంపివేయుట ఏరు దాటి తెప్ప తగలవేయుటయే యని వగచిన అభిమానుల ఆవేదన అర్థము కానిది కాదు. కాని జరిగిన బేరమును కొంచెము దగ్గరగా చూడవలెను. రామోస్ కోరినది రెండేండ్లు. క్లబ్బు ఇవ్వజూపినది ఒక్క యేడు, అదియు జీతములో పదవవంతు కోతతో. తుదకు తాను ఆ యేడాదికే సమ్మతించితిననియు, అప్పటికే ఆ ప్రతిపాదనకు కాలము చెల్లినదని క్లబ్బు తెలిపినదనియు వీడ్కోలునాడు పత్రికలవారితో అతడే చెప్పెను. చిక్కుముడి పడినది జీతముకంటె గడువుకడ. 2021 ఫిబ్రవరిలోనే మోకాలికి శస్త్రచికిత్స జరిగిన 35 ఏండ్ల ఆటగానికి రెండవ సంవత్సరపు పూచీ ఎవరు పడుదురు? కృతజ్ఞత తెలుపుటకు సన్మానసభలు కలవు. ఒప్పందపత్రము రాబోవు ఆటలకు కట్టు మూల్యము.

అపోహ: ట్రాన్స్‌ఫర్ రుసుము లేనివాడు ఉచితముగా దొరికినవాడే.

జీతము, సంతకమునకై ఇచ్చు సొమ్ము, ఏజెంటు వాటా ఉండనే యున్నవి. మీదుమిక్కిలి, ఈ వయస్సువానిని తిరిగి అమ్మి సొమ్ము చేసికొను ఆశ లేదు. లెక్కల పుస్తకమున కెక్కని ఖర్చు మరియొకటి: అతడు ఆడుచోట ఆడి నేర్చుకొనవలసిన ఇరువదేండ్ల కుర్రవాడు బెంచిమీద కూర్చుండుట.

అపోహ: నిర్ణయము మంచిదో చెడ్డదో ఫలితమే తేల్చును.

ఎనిమిదేండ్లు ఆడిన సిల్వాను 35వ యేట ఊరక విడిచిన పారిస్, మరుసటి సంవత్సరమే అదే వయస్సుగల రామోస్‌కు రెండేండ్ల ఒప్పందము వ్రాసి యిచ్చెను! నవ్వు నాపుకొనుట నావంటివానికి కష్టమే. విడువబడిన సిల్వా ఏడాది తిరుగకుండ చెల్సీతో ఛాంపియన్స్ లీగ్ గెలిచెను; రామోస్ గాయముతో మూలబడి నవంబరు 28 వరకు పారిస్ పక్షమున మైదానమున నడుగిడలేదు. ఇంతటితో పారిస్‌వారు రెండుమార్లు బోల్తాపడిరని తీర్పు చెప్పుట సులువు. కాని రెండవ సీజనులో రామోస్ క్రమముగా ఆడెను. సిల్వా సంగతియో, 2021 మే 29న పోర్టోలో జరిగిన ఆ ఫైనలులో 39వ నిమిషముననే గజ్జలో నొప్పితో బయటకు నడిచెను. అతని స్థానమున దిగిన ఆండ్రియాస్ క్రిస్టెన్‌సన్, తక్కినవారితో కూడి, మాంచెస్టర్ సిటీని తుదివరకు గోలు చేయనీయలేదు. పాతకాపును నిలుపుకొను క్లబ్బు అతని వెనుక ఇట్టివానినొకనిని సిద్ధముగా నుంచుకొనవలెను, వానికిని సకాలమున సంతకము చేయించుకొనవలెను. చెల్సీ సిల్వాకు ఏడాదికొక యేడాది చొప్పున మూడుమార్లు గడువు పెంచినది. పోర్టోలో అతని ప్రక్కన నిలిచిన రూడిగర్, అతనికి బదులు దిగిన క్రిస్టెన్‌సన్ ఇరువురును 2022 వేసవిలో ఒప్పందము ముగిసి, ఒకడు మాడ్రిడ్‌కు, ఒకడు బార్సిలోనాకు, క్లబ్బునకు పైసా రాకుండ వెడలిపోయిరి. ఆ జనవరిలోనే కొత్త పత్రముపై సంతకము చేసియున్నవాడు 37 ఏండ్ల సిల్వా.