తిరగరాసిన నోటు

బెజవాడ వద్ద 1855లో ఆనకట్ట పూర్తయిన తరువాత కృష్ణ నీటితో బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతాలు వరి మాగాణులయ్యాయి. అయితే 1929లో మొదలైన ప్రపంచ ఆర్థిక మాంద్యంలో ధాన్యం ధర పడిపోయింది. ప్రామిసరీ నోటు మీది అంకె మాత్రం తగ్గలేదు. కట్టలేకపోయిన వడ్డీని అసలులో కలిపి నోటు తిరగరాసేవారు. అలా వడ్డీయే మళ్ళీ అసలై కూర్చునేది.

ఈ స్థితిలో రాజాజీ మంత్రివర్గం 1938లో మద్రాసు రాష్ట్రానికి రైతు ఋణ విమోచన చట్టాన్ని తెచ్చింది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచిన వడ్డీ రద్దయింది. నోటు ఎన్నిసార్లు తిరగరాసినా, మొదట చేతికి ఇచ్చిన సొమ్మే అసలు. మొత్తం చెల్లింపులు దానికి రెట్టింపైతే అప్పు తీరినట్లే. నూరు రూపాయలు తెచ్చిన రైతు వడ్డీల కిందనే నూట డెబ్బై కట్టి ఉంటే, ఇక ఇవ్వవలసింది ముప్పై మాత్రమే! రసీదు లేని చెల్లింపును రుజువు చేయడం మాత్రం అతనికి కష్టమే.

ఆ వడ్డీ రద్దు నేటి అప్పులకు వర్తించదు. ఆ లెక్క పద్ధతి మాత్రం ఉపయోగపడుతుంది. ప్రతి అప్పుకూ చేతికి వచ్చిన సొమ్ము, ఇంతవరకు కట్టినది, వడ్డీ రేటు విడివిడిగా రాసుకోవాలి. నూటికి నెలకు రెండు రూపాయలంటే స్వల్పమనిపిస్తుంది. ఏడాదికది ఇరవై నాలుగు. అన్ని అప్పులకూ వాయిదాలు తప్పకుండా కడుతూ, మిగిలిన ప్రతి రూపాయినీ ముందుగా అలాంటి అప్పుకే జమ చేయాలి.