నాలుగు చక్రాలూ లాగితే చాలా?

ఇంట్లో కారు కొంటున్నారంటే మన అభిప్రాయం అడిగేది రంగు దగ్గరే. ఎరుపు బాగుంటుందా, తెలుపా? అంతే! ఇంజను, గేర్లు, ఏ చక్రం తిరుగుతుంది... అవన్నీ మగవాళ్ల వ్యవహారం అనుకుని మనం పక్కకు తప్పుకుంటాం. డబ్బు మాత్రం ఇంటిది. ఒక్కోసారి మన చేతి గాజులది కూడా! అందుకే ఈసారి బానెట్ కిందకు తొంగి చూద్దామనిపించింది. కుర్రాళ్ల నోట ఇప్పుడు తెగ నలుగుతున్న మాట ‘ఆల్ వీల్ డ్రైవ్’. డిక్కీ ఉన్న మామూలు సెడాన్‌లా కనిపిస్తూనే, నాలుగు చక్రాలతోనూ దూసుకుపోయే స్పోర్ట్స్ కార్లివి.

జీపు వేరు, ఇది వేరు

మన కర్నూలు, నంద్యాల వైపు నల్లరేగడిలో వానాకాలం బండి తోలినవాళ్లకు ఫోర్‌వీల్ గేరు విలువ చెప్పక్కర్లేదు. రేగడి టైరుకు అంటుకుందంటే చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. పాత జీపుల్లో డ్రైవరు పక్కనున్న చిన్న గేరు రాడ్డు లాగితే ముందు చక్రాలకూ బలం వస్తుంది. తారురోడ్డు ఎక్కగానే దాన్ని తీసేయాలి. ఎందుకంటే మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనక వాటికంటే ఎక్కువ దూరం తిరుగుతాయి. రెంటినీ కలిపి బిగించేస్తే లోపలి పళ్లచక్రాలు నలిగిపోతాయి.

ఆల్ వీల్ డ్రైవ్ కార్లలో ఈ చిక్కు లేదు. ముందు, వెనక చక్రాల మధ్య సర్దుబాటు చేసే సాధనం ఒకటి ఉంటుంది. తారురోడ్డు మీదా నిశ్చింతగా నడుస్తాయి. అసలు తేడా అంతా ఈ సర్దుబాటు ఎవరు ఎలా చేశారన్న దగ్గరే.

ఆమె నడిపి చూపించింది

1980లో ఆడి కంపెనీ ‘క్వాట్రో’ కారును జెనీవా ప్రదర్శనలో పెట్టింది. ర్యాలీ పందేల రూపం మార్చిన కారది. దాన్ని ఉరికించినవాళ్లలో ఫ్రాన్స్ మహిళ మిషెల్ మూటన్ ఒకరు. 1981లో ఇటలీలోని సాన్‌రెమో ర్యాలీ గెలిచి, ప్రపంచ ర్యాలీ పోటీలో నెగ్గిన మొదటి మహిళ అయింది. పక్కసీట్లో దారి చెప్పిందీ మహిళే, ఫాబ్రిజియా పోన్స్. 1982లో మిషెల్ పోర్చుగల్, గ్రీస్, బ్రెజిల్... మూడు చోట్ల గెలిచింది.

అయినా ఆ ఏడాది కిరీటం మాత్రం వాల్టర్ రోల్‌కు దక్కింది. ఆయన నడిపిన ఓపెల్ అస్కోనాకు బలం వెనక రెండు చక్రాలకే! ఐవరీకోస్ట్ ర్యాలీకి ముందు మిషెల్ తండ్రి చనిపోయాడు. ఆ దుఃఖంలోనూ ముందంజలో ఉన్న ఆమెను గేర్‌బాక్స్ దెబ్బతీసింది. బలమైన బండి వేరు, నమ్మకమైన బండి వేరు అనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

నాలుగు కార్లు, నాలుగు పద్ధతులు

ఈ తరహా సెడాన్లలో పాత ప్రత్యర్థులు జపాన్‌వే. సుబారు ఇంప్రెజా, మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ రెండూ 1992లోనే వచ్చాయి. సుబారు ఇంజను అడ్డంగా పడుకున్నట్టు ఉంటుంది. బరువు కిందకు ఉండటంతో కారు నేలను పట్టుకుని నడుస్తుంది. చేతిగేర్ల రకంలో సర్దుబాటు పని చిక్కని ద్రవం నింపిన కప్లింగ్ చూసుకుంటుంది. సాదా పద్ధతి. మిత్సుబిషిది తెలివి ఎక్కువ. 1996 నుంచి వెనక కుడి, ఎడమ చక్రాలకు బలం పంచడానికి ఎలక్ట్రానిక్ ఏర్పాటు పెట్టింది. మలుపుల్లో మెరుపే! కానీ తెలివి పెరిగేకొద్దీ చెడిపోయే భాగాలూ పెరుగుతాయి. ఆ ఏర్పాటుకున్న పంపు తుప్పు పట్టడం తర్వాతి మోడళ్లలో అందరికీ తెలిసిన జబ్బు. అలాగని సుబారు గంగిగోవేం కాదు, దాని పాత 2.5 లీటర్ల ఇంజన్లకు హెడ్ గ్యాస్కెట్ పోతుందన్న పేరుంది. లాన్సర్ ఎవల్యూషన్ 2010లో మన దేశానికీ వచ్చింది. 2016లో తయారీయే ఆగిపోయింది.

2021 మార్చిలో మన దేశంలో రెండు జర్మన్ కార్లు పోటీపడ్డాయి. బీఎండబ్ల్యూ ఎం340ఐ ఎక్స్‌డ్రైవ్ మొదట దాదాపు 63 లక్షలు. చెన్నైలో బిగించారు. ఆడి ఎస్5 స్పోర్ట్‌బ్యాక్ దాదాపు 79 లక్షలు, పూర్తిగా దిగుమతి. ఆడిలో పళ్లచక్రాల అమరికే బలాన్ని ముందుకు, వెనక్కు పంచుతుంది. బీఎండబ్ల్యూలో మామూలుగా వెనక చక్రాలకే ఎక్కువ బలం, అవసరమైనప్పుడు కంప్యూటర్ ఆజ్ఞతో క్లచ్ పలకలు బిగిసి ముందుకు పంపుతాయి. దాని ఆరు సిలిండర్ల ఇంజనుకు గట్టిదన్న పేరుంది.

టైరే కదా అనుకుంటే...

మా బంధువుల ఇంట్లో జరిగింది వినండి. అబ్బాయి ముచ్చటపడి బెంగళూరు నుంచి ఇలాంటి కారొకటి సెకండ్‌హ్యాండ్‌లో తెచ్చాడు. కొత్తదానిలో మూడోవంతు ధర! కొన్నాళ్లకు రెండు టైర్లు అరిగితే ఆ రెండే మార్చారు. కొత్త టైరు చుట్టుకొలత పెద్దది, పాతది చిన్నది. తిన్నగా పోతున్నా కారు మలుపు తిరుగుతున్నట్టే లోపలి క్లచ్ నిరంతరం రాసుకుంది. పైగా మన ఎండలు, నంద్యాలలో వేసవికి 42, 43 డిగ్రీలు మామూలే కదా! చివరకు క్లచ్ మాడింది. మామూలు లారీకి తాడుకట్టి లాగకూడదని, నాలుగు చక్రాలూ నేలకు తగలకుండా ఎత్తుకెళ్లే బండి కావాలని అప్పుడే తెలిసింది. హైదరాబాదు రెండొందల కిలోమీటర్ల పైమాట. మరమ్మతు ఖర్చుకు ఆ అబ్బాయి తల్లి గాజులు బ్యాంకుకు వెళ్లాయి. “కొనేటప్పుడు నన్నడిగినారా ఏమన్నా? గాజులియ్యమంటే ఇచ్చినా. ఇప్పుడు కారు షెడ్డులో, గాజులు బ్యాంకులో” అంటుంది వదిన.

మంచులో ఉన్న మన పిల్లలకు

అమెరికాలో మిచిగాన్ లాంటి చలి రాష్ట్రాల్లో రాత్రి డ్యూటీలకు ఒంటరిగా కారు నడిపే మన ఆడపిల్లలు ఎందరో. మా పిన్ని కూతురూ అక్కడే. వాళ్లకు ఆల్ వీల్ డ్రైవ్ సోకు కాదు, అవసరమే. కానీ ఒక్క మాట గుర్తుంచుకోవాలి. నాలుగు చక్రాలూ లాగడం బండి కదలడానికే పనికొస్తుంది, ఆగడానికి కాదు. బ్రేకులు నాలుగు చక్రాలకూ ఏ కారుకైనా ఉంటాయి. మంచు మీద ఆపేది టైరు పట్టు. ఉన్న డబ్బుతో ముందు మంచి చలికాలపు టైర్లు వేయించుకోమని ఫోన్‌లో చెప్పండి.

మరి కర్నూల్లో? ఎక్కువ భాగం పొడి తారురోడ్డే. ఇక్కడ ముందు చక్రాల కారు నిక్షేపంగా సరిపోతుంది. రేగడి చేలకైతే ఈ స్పోర్ట్స్ సెడాన్ కిందిభాగం నేలకు తగులుతుంది. అక్కడ ఎత్తైన జీపే మేలు. అయినా కొనాలనుకుంటే సంతకానికి ముందు ఇవి చూడండి.

* నాలుగు టైర్లూ ఒకే కంపెనీవి, ఒకే సైజువేనా? అరుగుదల సమానంగా ఉందా?

* ఇంజనుదే కాక డిఫరెన్షియల్, ట్రాన్స్‌ఫర్ కేస్ ఆయిలు ఎప్పుడు మార్చారు? రసీదు అడగండి.

* ఖాళీ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా ఒక చుట్టు తిప్పించండి. కారు పట్టేసినట్టు కుదిపినా, టకటకమన్నా వద్దు.

* దగ్గర్లోని షెడ్డు ఎంత దూరం? విడిభాగాలు ఎన్నాళ్లకొస్తాయి?

* ఏడాదికి టైర్లు, ఆయిళ్లు, బీమా, పెట్రోలు కలిపి ఎంతవుతుందో కాగితం మీద రాసి చూపించమనండి.

ఈ ప్రశ్నలకు జవాబులు వచ్చాకే రంగు సంగతి. అదెలాగూ మన చేతిలోదే!