కమాన్ కట్టకు వయసు మీద పడితే

రెండు లక్షల కిలోమీటర్లు దాటిన పికప్ బండి హైవే మీద లేన్ మారుతుంది. ముందు భాగం చెప్పినట్టు వింటుంది. వెనక భాగం మాత్రం కాస్త ఆలస్యంగా కదిలి, అటొకసారి ఇటొకసారి ఊగి అప్పుడు కుదురుకుంటుంది. గ్యారేజీలో మొదట వినిపించే మాట ‘షాకబ్జర్లు పోయాయి’. మారుస్తారు. కొత్త సామాను మీద నమ్మకంతో నాలుగు రోజులు బాగున్నట్టే ఉంటుంది, తర్వాత అదే ఊపు.

షాకబ్జర్ పనేమిటో తెలిస్తే ఈ ఖర్చు చాలాసార్లు తప్పుతుంది. దానికి కదలిక ఉంటేనే బలం. లోపలి పిస్టన్ నూనెలో ఎంత వేగంగా కదిలితే అంతగా అడ్డుపడుతుంది, కదలిక ఆగితే ఆ అడ్డూ పోతుంది. పెద్ద మలుపులో బండి ఒక పక్కకు ఒరిగి అలాగే సాగుతున్నప్పుడు అది చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. ఇక వెనక ఇరుసు పక్కకు జరక్కుండా పట్టుకోవడమైతే అసలు దాని ఉద్యోగమే కాదు. ఆ ఉద్యోగం కమాన్ కట్టది, అంటే ఉక్కు పట్టీలను ఒకదాని కింద ఒకటి పేర్చిన స్ప్రింగుది.

కమాన్ కట్ట పుట్టింది మోటారు బండి కోసం కాదు, గుర్రపు బగ్గీ కోసం. బగ్గీలకు ఉక్కు పట్టీలు వాడటం అప్పటికే ఉంది. అయితే 1804లో లండన్‌లో బగ్గీలు తయారుచేసే ఒబడయా ఇలియట్ పేటెంటు తీసుకున్న ఏర్పాటు వేరు. వంచిన పట్టీల కట్టలను దీర్ఘవృత్తంగా కలిపి, నేరుగా ఇరుసుల మీదే బిగించాడు. అంతకుముందు రెండు ఇరుసులనూ కలుపుతూ బగ్గీ కింద బరువైన దూలం ఒకటి ఉండేది. దాని అవసరం లేకుండా పోయింది, బండి తేలికైంది. పక్కవాడి పని తన నెత్తిన వేసుకోవడం కమాన్ కట్టకు అప్పుడే అలవాటైంది.

1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ కారుకు ముందొకటి, వెనకొకటి అడ్డంగా బిగించిన వనేడియం ఉక్కు కమాన్లు ఉండేవి. 1925లో ఫోర్డ్ కంపెనీ అదే కారుకు వెనక చిన్న తొట్టి కట్టి, ఫ్యాక్టరీలోనే తయారైన పికప్‌గా 281 డాలర్లకు అమ్మింది. కానీ అందులో కమాన్ పని బరువు మోయడం వరకే. చక్రాలు బండిని ముందుకు నెట్టే బలమంతా షాఫ్టు చుట్టూ ఉన్న గట్టి గొట్టం ద్వారా ముందుకు చేరేది. ఆ గొట్టాన్ని తీసేసి, రెండు జాయింట్లున్న షాఫ్టును బయటే తిరగనిచ్చి, నెట్టే బలాన్నీ, బ్రేకు వేసినప్పటి మెలికనూ, పక్కబలాన్నీ కమాన్ కట్టలకే అప్పగించే పద్ధతికి హాచ్‌కిస్ డ్రైవ్ అని పేరు. అమెరికన్ ఒకాయన ఫ్రాన్స్‌లో పెట్టిన తుపాకుల కంపెనీ పేరది. ఆయన పోయాక ఆ కంపెనీ కార్లలోకి దిగింది. సామాను తక్కువ, ఖర్చు తక్కువ. చాలా లారీలూ పికప్‌లూ ఆ పద్ధతిని పట్టుకుని ఇప్పటికీ వదల్లేదు.

కట్టలో పట్టీలు ఒకదానికంటే ఒకటి ఎందుకు పొట్టిగా ఉంటాయి? బరువు మోసే పలకకు వంచే ఒత్తిడి మధ్యలో ఎక్కువ, కొసలకు పోయేకొద్దీ తక్కువ. కాబట్టి ఉక్కు కూడా మధ్యలోనే ఎక్కువ కావాలి. అంటే మధ్యలో వెడల్పుగా, కొసల్లో సన్నగా ఉండే పలక. అంత వెడల్పు పలక బండి కింద పట్టదు. దాన్ని పొడవునా కోసి, ముక్కలను ఒకదాని కింద ఒకటి పేరిస్తే అదే కమాన్ కట్ట. పుస్తకాన్ని వంచితే పేజీలు ఒకదానిమీద ఒకటి జారినట్టే, కట్ట వంగినప్పుడు పట్టీలు జారుతాయి. ఆ రాపిడి కూడా ఊపును కొంత చంపుతుంది. అంటే షాకబ్జర్ పనిలోనూ దీనికి వాటా ఉంది.

ఇన్ని బాధ్యతలున్న కట్టను బండికి పట్టి ఉంచేవి మాత్రం చిన్న సామాన్లు. పై పట్టీ రెండు కొసల్లో చుట్టిన కన్నులు, వాటిలో రబ్బరు బుష్షులు. ముందు కన్ను ఛాసిస్‌కు స్థిరంగా ఉంటుంది. వెనక కన్ను షాకిల్ అనే ఊగే లింకుకు వేలాడుతుంది, ఎందుకంటే బరువు పడి కట్ట చదునైనప్పుడు దాని పొడవు పెరుగుతుంది. ఇరుసు మీద కట్టను అదిమి పట్టేవి యూ బోల్టులు. పట్టీలన్నిటి గుండా దిగే సెంటర్ బోల్టు తల, ఇరుసు మీది గుంటలో కూర్చుంటుంది. ఇరుసు ఎక్కడుండాలో చెప్పేది ఆ తలే.

వయసు ముందుగా కనిపించేది ఉక్కులో కాదు, రబ్బరులో. బుష్ గట్టిపడి, చీలి, రంధ్రం సాగుతుంది. మలుపులో బయటి పక్క కట్ట అణగుతుంది, లోపలి పక్కది లేస్తుంది. ఒక చక్రం పిసరంత వెనక్కి, రెండోది పిసరంత ముందుకు జరిగితే చాలు, ఇరుసు వాలుగా తిరుగుతుంది. డ్రైవర్ చెయ్యి పెట్టకుండానే వెనక చక్రాలు బండిని తిప్పుతాయి. బుష్‌లో సందు ఉన్నప్పుడు ముందు ఆ సందు నిండాలి, తర్వాతే కట్ట పట్టుకుంటుంది. లేన్ మారినప్పటి ఆలస్యం అక్కణ్నుంచే వస్తుంది. యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కినప్పుడు వెనక నుంచి ‘టక్’ మని వినిపిస్తే అనుమానం బలపడుతుంది.

అయినా వెతకడం మొదలుపెట్టాల్సింది బుష్‌తో కాదు, టైరుతో. గాలి తగ్గిన టైరు గోడ పక్కకు నలిగి అచ్చం ఇలాగే ఊపుతుంది, పైగా చూడటానికి పైసా ఖర్చు లేదు. సైజులు ఒకటే అయితే వెనక టైర్లు ముందుకు, ముందువి వెనక్కి మార్చి నడిపి చూడాలి. ఊపు తీరు మారిందంటే దొంగ టైరే. మారకపోతే టేపు తీసుకుని, ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకు రెండు పక్కలా కొలవాలి. స్టీరింగ్ తిన్నగా ఉండగా కొలతల్లో తేడా వస్తే ఇరుసు జరిగిందన్నమాట. యూ బోల్టులు వదులై, సెంటర్ బోల్టు తెగితే ఇలా అవుతుంది. బోల్టు పక్కన మెరిసే గీత, తుప్పు రంగు పొడి కనిపిస్తే అక్కడ ఉక్కు మీద ఉక్కు కదులుతోందని అర్థం. ఆ తర్వాత ఒకరు తొట్టిని పక్కలకు ఊపుతుంటే ఇంకొకరు కింద షాకిల్‌ను చూడాలి. జాకీ ఎత్తి చక్రాలు గాల్లో వేలాడదీసి చూస్తే బుష్‌లో సందు కనబడకపోవచ్చు, బరువు చక్రాల మీదే ఉండాలి. చక్రం బేరింగు చూడటానికి మాత్రం ఎత్తక తప్పదు.

షాకబ్జర్ పోయిన బండి గుర్తు వేరు. గతుకు దాటాక కిందికీ పైకీ ఎగురుతూనే ఉంటుంది, గొట్టం మీద నూనె కారిన తడి ఉంటుంది.

ఉక్కు కూడా అలసిపోతుంది. చదునయ్యేటప్పుడు ఒక్కో పట్టీలో సాగేది పై ముఖం. సెంటర్ బోల్టు రంధ్రం దగ్గరో, యూ బోల్టు అంచు దగ్గరో పగులు అక్కడ మొదలవుతుంది. దీన్ని చిన్న విషయమనుకోవడానికి లేదు. 2005 నుంచి 2011 వరకు మోడళ్ల టకోమా పికప్‌లలో వెనక కమాన్ పట్టీ విరిగి పెట్రోలు ట్యాంకు లాంటి వాటికి తగలొచ్చని, 2014లో టయోటా అమెరికాలో దాదాపు 6,90,000 బండ్లను వెనక్కి పిలిచింది.

మన దగ్గర అసలు బాధ ఇంకోటి. మోయాల్సిన దానికి మించి ఎత్తుతారు, కట్ట కుంగుతుంది, ఇంకో పట్టీ ఎక్కించేస్తారు. వెనక బిరుసెక్కుతుంది, ఒరగడం తగ్గుతుంది, డ్రైవర్‌కి బాగైపోయిందనిపిస్తుంది. కానీ మలుపులో బరువు మార్పిడి ఎక్కువ భాగం వెనక బయటి టైరు మీదికి వస్తుంది, తడి రోడ్డు మీద ముందు జారేది ఆ వెనక భాగమే. అరిగిన బుష్ మాత్రం అలాగే ఉంటుంది. పట్టీల మధ్య పాత ఇంజన్ ఆయిల్ పోయడం ఇంకో అలవాటు. కిర్రుమనే చప్పుడు పోతుంది నిజమే; ఆ ఆయిల్ కొసకు కారి రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది.

కమాన్లు లేకుండా కాయిల్ స్ప్రింగులతో వచ్చిన పికప్‌లూ ఉన్నాయి. 2009 నుంచి రామ్ 1500 అలాంటిదే. కాయిల్ బరువు మోస్తుంది, పక్కబలం దానికి పట్టదు. అందుకని ఇరుసును పక్కకు పోకుండా పట్టే అడ్డకడ్డీ ఒకటి వేరుగా ఉంటుంది, అందులో ఊపు వస్తే మొదట చూడాల్సింది ఆ కడ్డీ బుష్షులు.

కమాన్ బుష్షులు మార్చేటప్పుడు యూ బోల్టులు కూడా కొత్తవే వేయాలి. ఒకసారి సాగదీసి బిగించినవి రెండోసారి అంత పట్టు ఇవ్వవు. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక వాటిని మళ్లీ బిగించాలి. కన్నుల బోల్టులను మాత్రం బండి జాకీ మీద ఉండగా బిగించకూడదు. ముందు చేత్తో తిప్పి వదిలి, బండిని కిందికి దించి, బరువు చక్రాల మీద పడ్డాకే పూర్తిగా బిగించాలి. గాల్లో బిగిస్తే బండి దిగగానే రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోతుంది, కొత్త బుష్ కొద్ది నెలల్లోనే చీలుతుంది.