చారలేస్తే ఆఫ్రికా కాదు
అపోహలు – వాస్తవాలు

ఎల్లంతకుంటలో బడి వార్షికోత్సవం. 'ఆఫ్రికన్ డాన్స్' అని ఫ్లెక్సీ కొట్టాలి. డిజైన్ చేసే కుర్రాడు కోరల్‌డ్రాలో మొదట వెతికేది గొడ్డలితో నరికినట్టుండే మోటు ఇంగ్లిష్ అక్షరాలే. లోపల జీబ్రా చారలు, వెనక సూర్యాస్తమయం. పని అయిపోయింది!

అపోహ: ఆ మోటు అక్షరాలు ఆఫ్రికావి.

వాస్తవం: వాటికి మూలమైన 'న్యూలాండ్' పుట్టింది జర్మనీలో. 1923లో రుడాల్ఫ్ కోహ్ కాగితం మీద గీసుకోకుండా నేరుగా లోహంలో చెక్కిన అచ్చు అది. దాన్ని అడవికీ ఆఫ్రికాకూ ముడిపెట్టింది తర్వాతి ప్రకటనలవాళ్లు, పుస్తకాల అట్టలవాళ్లు. 1993 నాటి 'జురాసిక్ పార్క్' పేరు కూడా ఆ అక్షరాల్లోనే ఉంది. డైనోసార్లకూ ఆఫ్రికాకూ చుట్టరికమేమిటో! రెండూ 'ఆదిమం' అనుకోవడం తప్ప.

మనకూ ఇదే మర్యాద జరుగుతోంది. విదేశాల్లో ఇంగ్లిష్ అక్షరాల నెత్తిన అడ్డగీత పెట్టి 'ఇండియన్' అంటారు. ఆ గీత దేవనాగరిది, మనది తలకట్టు. గోంగూర మటన్ వడ్డించే తెలుగు హోటలుకూ అదే బోర్డు.

అపోహ: ఆఫ్రికాకు సొంత లిపుల్లేవు.

వాస్తవం: ఇథియోపియా లిపిలో ఒక్కో హల్లుకు ఏడు రూపాలు, అచ్చం మన గుణింతంలా. లైబీరియాలో వాయి లిపి 1830లలో వచ్చింది. 1949లో సొలొమానా కాంటే ఎన్‌కో లిపిని తయారుచేశాడు. గినియాలో బారీ సోదరులిద్దరు పిల్లలుగా ఉన్నప్పుడే ఫులానీ భాషకు అడ్లమ్ లిపి కట్టారు. 2016లో అది యూనికోడ్‌లో చేరింది.

లిపిని ఎలా గౌరవించాలో చూడ్డానికి అంత దూరం పోనక్కర్లేదు. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో గోండి రాతప్రతులు దొరికాయి. ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం, ఆ లిపి చదవగల గోండు పెద్దల దగ్గర కూర్చుని అక్షరాలు పోల్చుకుంది. ఫాంటు ఆ తర్వాతి పని. 2018లో గుంజాల గోండి కూడా యూనికోడ్‌కెక్కింది.

అపోహ: అడింక్రా గుర్తులు ఉత్త అలంకారం, ఎక్కడైనా వేసుకోవచ్చు.

వాస్తవం: ఘనాలో అకాన్ ప్రజలు సొరకాయ బుర్రను అచ్చుగా చెక్కి బట్ట మీద అద్దే గుర్తులివి. ఒక్కోదానికి ఒక్కో అర్థముంది. ఆ బట్టలో కొన్ని రంగులు చావు ఇంటికి కట్టుకునేవి. అది తెలియకుండా శుభలేఖ మీదకు లాక్కొస్తే ఎలా? ఈ గుర్తుల్ని బట్ట మీదకు ఎక్కించేముందు సిరిసిల్ల మగ్గాలవాళ్లు ఇంకోటి గమనించాలి: ఘనా 2005 కాపీరైట్ చట్టం జానపద డిజైన్లకు ప్రజల తరఫున దేశాధ్యక్షుణ్ని ధర్మకర్తగా పెట్టింది.

అపోహ: సరైన ఫాంటు దొరికితే చాలు.

వాస్తవం: నోటో ఫాంట్లలో ఈ లిపులన్నీ ఉచితమే. కానీ ఎన్‌కో, అడ్లమ్ కుడి నుంచి ఎడమకు రాస్తారు, అక్షరాలు కలిసిపోతాయి. పాత సాఫ్ట్‌వేర్‌లో పేస్ట్ చేస్తే తిరగబడి, విడివిడిగా పడే ప్రమాదముంది. సొంత తెలుగులోనే ఒత్తులు ఎగిరిపోయిన 'శ్రద్ధాంజలి' ఫ్లెక్సీలు చూస్తున్నాం కదా! ప్రింటుకు పంపేముందు ఆ భాష చదివేవాళ్లకు వాట్సాప్‌లో చూపించండి. ఎవరూ దొరక్కపోతే తెలుగులోనే, ఆ నృత్యం ఏ దేశానిదో కనుక్కుని, ఆ దేశం పేరు పెట్టి శుభ్రంగా రాయండి.