కారులో కుక్కరు

ఎండాకాలంలో మనుషులకే కాదు, కార్లకూ దాహమే. మొన్న హనుమకొండలో మా ఎదురింటి కుర్రవాడి స్పోర్ట్సు కారు కింద ఆకుపచ్చని మడుగు కట్టింది. కూలంటు ఉండే ప్లాస్టిక్ తొట్టి, ఏళ్ళ తరబడి వేడికి పెళుసెక్కి, పగులు విచ్చిందన్నమాట.

"మూత తీద్దామా సార్?" అన్నాడు. వారించాను. కుక్కరులోవలెనే, ఒత్తిడివల్ల ఆ ద్రవం నూరు డిగ్రీలు దాటినా మరగదు. వేడిమీద మూత తీస్తే ముఖాన చిమ్ముతుంది!

ఇంజను పూర్తిగా చల్లారాక పని సులువే. మిగిలిన ద్రవాన్ని పాత డబ్బాలోకి దించి, గొట్టాల క్లిప్పులు వదులుచేసి, కొత్త తొట్టి బిగించి, కంపెనీవారు చెప్పిన కూలంటునే గుర్తువరకు పోశాము. కాసేపు నడిపి, చల్లారాక మళ్ళీ మట్టం చూశాము.

అసలు ప్రమాదం నేలమీది మడుగులో ఉంది. సాధారణంగా కూలంటులో వాడే ఇథిలీన్ గ్లైకాల్ రుచికి తియ్యన, గుణానికి విషం; మూత్రపిండాలను చెరుపుతుంది. పసివాళ్ళూ, కుక్కలూ అటు రాకముందే తుడిచి, బాగా కడిగివేయాలి సుమా!